పీపాయి నుండి ఫిరంగి వరకు

వార్తలు వినువారికి బ్యారెల్ అను మాట క్రొత్తది కాదు. ముడి చమురు ధరను బ్యారెల్ లెక్కన చెప్పుదురు. తుపాకి గొట్టమును సైతము ఇంగ్లీషులో బ్యారెల్ అనియే అందురు. ఒకటి ద్రవము నిలువచేయు పీపాయి. రెండవది గుండు వెడలు గొట్టము. పోలికలేని ఈ రెండు వస్తువులకు ఒకే పేరు ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము ఒక చేతిపనిలో నున్నది. దాని వెంట నడచినచో మన జంటనగరముల చరిత్రయు కొంత తెలియును.

మన దేశమున నీటికి కాగులు, గాబులు, నూనెకు తోలు సిద్దెలు వాడుక. ఐరోపాలో ఈ పనులన్నిటికి చెక్కపీపాయి ఉండెను. సన్నని పలకలను నిలువుగా, గుండ్రముగా పేర్చి, చుట్టును కట్లు బిగించి దానిని చేయుదురు. మేకు లేదు, జిగురు లేదు. కట్టు బిగువే దాని బలము. ఈ పనివానిని కూపర్ అందురు. అది పలువురికి ఇంటిపేరైనది. పీపాయిలకు పరిమాణమునుబట్టి వేర్వేరు పేర్లుండెను. 252 గాలన్ల ద్రాక్షసారాయము పట్టునది టన్. దానిలో సగము పైప్. నాలుగవ వంతు, అనగా 63 గాలన్లు పట్టునది హాగ్స్‌హెడ్. ఓడలో ఎన్ని టన్‌లు పట్టునో లెక్కించు అలవాటునుండియే నేటి మన టన్ను పుట్టినది. పైప్ అను దానిని పోర్చుగీసువారు పీపా అనిరి. వారి ఓడలనుండి సరకుతోపాటు ఆ మాటయు మన రేవులలో దిగి తెలుగైపోయినది. ఇక చమురు బ్యారెల్ 1860 దశకమున అమెరికాలోని పెన్సిల్వేనియా నూనెబావులవద్ద ఏర్పడిన కొలత: 42 అమెరికా గాలన్లు, అనగా ఇంచుమించు 159 లీటర్లు. చెక్కపీపాయిలు పోయినను కొలత నిలిచినది.

ఇప్పుడు ఫిరంగి సంగతి చూతము. 14, 15 శతాబ్దులలో పెద్ద ఇనుపగొట్టమును ఒకే ముద్దగా పోతపోయుట ఐరోపా కమ్మరులకు సాధ్యము కాలేదు. అందుచే కూపరు చెక్కతో చేయుదానిని వారు ఇనుముతో చేసిరి. పొడుగాటి ఇనుప పట్టీలను గుండ్రముగా పేర్చి, వాటిపై ఎర్రగా కాల్చిన ఇనుపకట్లను తొడిగిరి. మన పల్లెలలో బండిచక్రమునకు పట్టా కాల్చి తొడిగి, నీళ్లు చల్లి బిగించుట చూచినవారికి ఈ పని వెంటనే బోధపడును. ఆ గొట్టము ఇనుపపీపాయియే గనుక దానికి బ్యారెల్ అను పేరు తగియున్నది. 1449లో చేయబడి, నేడు ఎడింబరో కోటలోనున్న మాన్స్ మెగ్ అను ఫిరంగి ఇట్టిదే. ఇంత దూరము పోనక్కరలేదు. తెలుగు నాయకరాజు రఘునాథుని కాలపుదని చెప్పబడు తంజావూరి పెద్ద ఫిరంగియు పట్టీలు, కట్లతో కూర్చినదే. దాని పొడవు దాదాపు 25 అడుగులు.

అయితే కూర్చినది విడిపోవచ్చును. పీపాయి కట్టు తెగినచో సారాయము నేలపాలగును. ఫిరంగి పగిలినచో ప్రక్కనున్నవాని ప్రాణము పోవును. మాన్స్ మెగ్‌ను 1457లో కానుకగా పొందిన స్కాట్లండు రాజు రెండవ జేమ్సు, 1460లో రాక్స్‌బరో ముట్టడియందు తన ఫిరంగి ఒకటి పగులగా మరణించెను. మాన్స్ మెగ్ కూడ 1680 ప్రాంతమున పగిలినది. అందుచేతనే కంచును, తర్వాత ఇనుమును కరగించి అచ్చులో పోసి ఒకే ముక్కగా ఫిరంగిని చేయు పద్ధతి పైచేయి అయినది. అట్టి పోతపనిశాలకు ఫౌండ్రీ అని పేరు; పోయుట అను అర్థముగల లాటిను ధాతువు దానికి మూలము.

హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీ అట్లు వచ్చిన పేరే. నిజాం అలీఖాను కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు 18వ శతాబ్ది చివరి పాదమున అచట ఫిరంగులు పోతపోయించెను. ప్రజలు ఆ చోటును తోప్ కా సాంచా, అనగా ఫిరంగి అచ్చు, అనిరి. రేమండు 1798 మార్చిలో మరణించెను. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లీషువారు అతని సేనను నిరాయుధము గావించిరి. ఒప్పందము ప్రకారము వచ్చిన కంపెనీ సేన హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున దిగినది. ఆ దండు విడిసిన చోటే 1806లో సికందర్ జా పేర సికింద్రాబాదైనది.

ఆయుధముల వెంట పేర్లును వలస వచ్చును. ఫ్రాంకులు, అనగా ఐరోపావారు, తెచ్చినది గనుక ఫిరంగి. కొన్ని ప్రాంతములందు బొప్పాయిని పరంగికాయ అనుటయు ఇందువలననే. తుపాకి తురుష్కభాషనుండి వచ్చినది. ఇంగ్లీషు గన్ అను మాటకు గునిల్డా అను స్త్రీ పేరు మూలమని పండితుల అభిప్రాయము. 14వ శతాబ్దిలో విండ్సరు కోటలోని ఒక పెద్ద యంత్రధనుస్సునకు ఆ పేరుండెను. పన్నెండు బోరు తుపాకి యనగా, ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగా చేసినచో అందొక గుండు సరిగా పట్టు గొట్టముగలది.

పీపాయికి ఫిరంగికి మరియొక చుట్టరికము కూడ కలదు. తుపాకిమందును నిలువచేసినది పీపాయిలలోనే. ఇనుపకట్టు రాపిడికి నిప్పురవ్వ లేచినచో కోటయే ఎగిరిపోవును గనుక వాటికి రాగికట్లు, చెక్కకట్లు వేసెడివారు. ఆ పీపాయిలుండు కొట్టునకు మాగజైన్ అని పేరు. కొట్టు అను అర్థముగల అరబ్బీమాట దానికి మూలము. 1731లో లండనులో వెలువడిన జెంటిల్మన్స్ మాగజైన్ ఆ పేరును పత్రికలకు తెచ్చినది. మందుకొట్టు మాట విషయముల కొట్టునకు చెల్లినది.

రేమండు పోతశాల నేడు ఇండ్ల నడుమ శిథిలమై నిలిచియున్నది. పేటకు పేరు మిగిలినది. అటుగా పోవు పాఠకులు ఒక్క క్షణము ఆగి ఆ గోడలను చూతురుగాక. గోడలు కూలినచో, ఆ పేరు ఎందులకు వచ్చినదో పిల్లలకు చూపి చెప్పుటకు ఏమియు మిగులదు.