స్టెప్నీ ఎక్కడుంటే మేలు?

మేడ్చల్: మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల మట్టి బాటల్లో, రాళ్ల గుట్టల్లో తిరిగే జీపులకు స్టెప్నీ ఎంత అవసరమో, దానిని అమర్చే చోటూ అంతే ముఖ్యం.

థార్, గూర్ఖా, జిమ్నీ వాహనాలకు ఇది వెనుక తలుపుపై ఉంటుంది. స్కార్పియో, ఫార్చ్యూనర్‌లకు వెనుక భాగం కింద ఉంటుంది. కింద ఉంటే వెనుక అద్దానికి అడ్డురాదు. అయితే గట్టు దిగేటప్పుడు రాళ్లకు తగులుతుంది. బండి బురదలో కూరుకుపోతే బయటకు తీయడం కష్టం. పైకప్పుపై కడితే బరువు ఎత్తుకు చేరి, ఏటవాలులో బోల్తాపడే ముప్పు పెరుగుతుంది. లోపల ఉంచితే గట్టిగా బిగించాలి. లేకుంటే కుదుపులకు కదిలి ప్రయాణికులను గాయపరచవచ్చు.

అందువల్ల రాతి నేలకు వెనుక తలుపే అనువైనది. పెద్ద టైరు వేసుకుంటే తలుపు బందులపై భారం పెరుగుతుంది. అలాంటివారు బంపరుకు బిగించే ప్రత్యేక స్టాండు అమర్చుకోవడం మంచిది.

ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడిని తెలిపే పరికరం, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధనలు సవరించింది. కానీ పదునైన రాయి టైరు పక్క భాగాన్ని చీలిస్తే కిట్ అక్కరకు రాదు. గుట్టల వైపు వెళ్లేవారు స్టెప్నీని వదలరాదు. బయలుదేరే ముందు దాని గాలి, బోల్టులు, జాకీ సరిచూసుకోవాలి.