బడి నాణ్యతను కొలవడం: లాటరీ పద్ధతి - ఆంధ్రప్రదేశ్ అనుభవం

1. ప్రస్తావన:

ఒక బడి పిల్లలకు మంచి మార్కులు వచ్చినంత మాత్రాన ఆ బడి మంచిదని నిర్ణయించలేం. శ్రద్ధ, స్తోమత గల తల్లిదండ్రులు ఏరికోరి పిల్లల్ని చేర్చిన చోట, ఆ ఫలితం బడిదా, ఇంటిదా అన్నది తేల్చడం కష్టం. బడి ఎంపికపై జరుగుతున్న చర్చకు మూలమైన చిక్కు ఇదే. దీన్ని పరిశోధకులు ఎలా ఎదుర్కొన్నారో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చార్టర్ బడులు - లాటరీ:

అమెరికాలో తొలి చార్టర్ చట్టాన్ని 1991లో మిన్నెసోటా రాష్ట్రం చేసింది. చార్టర్ బడులు ప్రభుత్వ ధనంతో, ఫీజు లేకుండా, స్వతంత్ర నిర్వహణలో నడుస్తాయి. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే సాధారణంగా లాటరీ తీస్తారు. గెలిచినవారూ, ఓడినవారూ ఒకే ఆసక్తితో దరఖాస్తు చేసినవారే కనుక తర్వాత కనిపించే తేడాను బడికి ఆపాదించవచ్చు. బోస్టన్ నగరంలో ఈ పద్ధతి చార్టర్ బడులకు అనుకూలమైన ఫలితాన్నే చూపింది. అయితే గిరాకీ లేని బడిలో లాటరీ ఉండదు. అందువల్ల ఆ ఫలితాన్ని అన్ని చార్టర్ బడులకూ వర్తింపజేయరాదు.

3. ఆంధ్రప్రదేశ్ ప్రయోగం:

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో 2008 నుంచి నాలుగేళ్లపాటు ఇలాంటి ప్రయోగమే జరిగింది. ముందు గ్రామాలను, ఆపై దరఖాస్తు చేసిన పిల్లలను లాటరీతో ఎంపిక చేసి, ప్రైవేటు బడిలో చదవడానికి వోచర్లు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఫలితాలను ప్రచురించారు. తెలుగు, గణితం, ఇంగ్లీషులలో వోచరు పొందినవారికీ, పొందనివారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రభుత్వ ప్రాథమిక బడిలో బోధించని హిందీలో మాత్రం వోచరు పొందినవారు చాలా ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయం కేటాయించి ఈ ఫలితాన్ని సాధించాయి. ఒక్కో విద్యార్థిపై వాటి ఖర్చు కూడా ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. ఉపాధ్యాయుల జీతాలు బాగా తక్కువగా ఉండటం ఇందుకు ముఖ్య కారణం.

4. విశ్లేషణ - ముగింపు:

తెలుగు, గణితాలనే కొలిస్తే రెండు రకాల బడులూ సమానం. హిందీని కలిపితే ప్రైవేటు బడి మెరుగు. ఖర్చును లెక్కిస్తే తేడా ఇంకా పెరుగుతుంది. ఉపాధ్యాయుని జీవన భద్రతను కూడా విలువగా తీసుకుంటే తీర్పు మళ్లీ మారుతుంది. లాటరీ పోలికను న్యాయంగా చేయగలదు గాని, దేన్ని కొలవాలో చెప్పలేదు. ఆ నిర్ణయం సమాజానిది.

తెలుగు బోధకులు పట్టించుకోవలసిన ప్రశ్న మరొకటుంది. తెలుగుకు ఎక్కువ సమయం ఇచ్చిన బడి పిల్లలు తెలుగులో ముందుండకపోవడానికి కారణమేమిటి? పీరియడ్ల సంఖ్య కోసం వాదించే మనం, ఆ పీరియడ్లలో జరిగే బోధనను కూడా పరిశోధనాంశంగా స్వీకరించవలసి ఉంది.