ఉపద్రవములు – ప్రతినిధుల నివేదిక

దుర్ఘటన జరిగినంతనే మన శాసనసభ్యులును, పార్లమెంటు సభ్యులును సంతాపము ప్రకటింతురు. ఆసుపత్రికి పోయి క్షతగాత్రులను పరామర్శింతురు. మృతుల కుటుంబములకు మంజూరైన పరిహారమును పత్రికలకు తెలియజేయుదురు. ఇది మానవధర్మము, దీనిని మేము తక్కువ చేయుట లేదు. కాని ప్రతినిధిధర్మ మింతతో తీరినట్లు కాదు. నియోజకవర్గ ప్రజలకు వారు సమర్పించు నివేదికలలో సంతాపము తరువాత రావలసిన పుటయే లోపించుచున్నదని మా యభిప్రాయము.

రైలు ప్రమాదముల చరిత్ర యిందుకు నిదర్శనము. 1956 సెప్టెంబరులో, నాటి హైదరాబాదు రాష్ట్రమునందలి మహబూబ్‌నగరమునకు సమీపమున వంతెన కూలి 100 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. రైల్వే మంత్రి శ్రీ లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా సమర్పింపగా, ప్రధానమంత్రి నెహ్రూగారు దాని నంగీకరింపలేదు. ఆ నవంబరులోనే మద్రాసు రాష్ట్రమున అరియలూరు వద్ద మఱియొక వంతెన వరదపాలై, మరల 100 మందికి పైగా మరణించిరి. ఈసారి శాస్త్రిగారు పట్టు విడువలేదు. తప్పు వారిదని కాక, బాధ్యతకొక ఒరవడి యేర్పడవలెనను తలంపుతోనే నెహ్రూగారు రాజీనామా నంగీకరించిరి.

ఆ త్యాగమును దేశము నేటికిని కొనియాడుచున్నది. అది కొనియాడదగినదే. కాని రాజీనామా వలన వంతెన గట్టిపడదు. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ చేరువను ఆకస్మికముగా వచ్చిన వరద యొక చిన్న వంతెనను కొనిపోగా, డెల్టా ప్యాసింజరు పట్టాలు తప్పి 100 మందికి పైగా బలియైరి. నలువదితొమ్మిదేండ్లకు అదే తీరు ప్రమాదము మరల సంభవించినది.

తెలుగునాట ఇనుపదారులు చెరువుల దిగువగా పోవుచుండుట సర్వసాధారణము. ఏ చెరువు తెగినచో రైలుదారికి ముప్పు గలదో వానిని రైల్వేవారు పట్టికలో నెక్కించి, వానకాలమునకు ముందే రాష్ట్ర ప్రభుత్వపు టుద్యోగులతో కలిసి పరీక్షింపవలెనను నిబంధన యున్నది. చెరువు రాష్ట్రముది, వంతెన కేంద్రముది. కట్ట మరమ్మతు, అలుగు వెడల్పు, తూముల స్థితి శాసనసభలో నడుగవలసిన ప్రశ్నలు. వంతెన ఖానాలు వరదకు చాలునా యనునది పార్లమెంటులో నడుగవలసిన ప్రశ్న. ఇరువురు ప్రతినిధులును ఒకరివైపొకరు చూచుచు నూరకున్నచో వరద యాగదు. ఆయకట్టు రైతుల కిది క్రొత్త సంగతి కాదు. కట్టలోని బొరియ మొదట వారి కంటనే పడును.

విధాన విషయములందును ఇట్టి శ్రద్ధయే కావలయును. 1924 నుండి వేఱుగా నడచిన రైల్వే బడ్జెటు 2017లో సాధారణ బడ్జెటునందు లీనమైనది. రెండు బడ్జెట్లేల యను వాదము నిరాధారము కాదు. అయినను దేశమంతయు రైళ్లను గూర్చి యాలకించు దినము పోయినది. కావున సభ్యులు ప్రశ్నోత్తర సమయమును, గ్రాంటుల చర్చను మఱింత జాగరూకతతో వినియోగించుకొనవలెను. ఆ బడ్జెటునందే ఐదేండ్లలో 1,00,000 కోట్ల రూపాయల భద్రతానిధి ప్రకటింపబడినది. దానిలో తమ జిల్లా వంతెనలకు వ్యయమైన దెంతయో ఏ సభ్యుడు ప్రజలకు చెప్పెను?

2023 జూన్ 2న ఒడిషాలో బాలేశ్వరము వద్ద 290 మందికి పైగా మృతిచెందిరి. సిగ్నలు పనులందలి లోపము లందుకు కారణమని విచారణలో తేలినది. ఆ యేడే అక్టోబరు 29న విజయనగరము జిల్లా కంటకాపల్లి వద్ద ముందున్న రైలును వెనుకనుండి మఱియొక రైలు ఢీకొనెను. ఇట్టి ఢీలను నివారించుటకై యేర్పడిన ‘కవచ్’ సాధనము దక్షిణమధ్య రైల్వేలో తొలుత నెలకొల్పబడినను, నాటి కా దారికి చేరలేదు. ఒక్కొక్క ప్రమాదమునకు ఒక్కొక్క కారణము. అన్నిటికి నొకే మందు లేదు. ఈ భేదము నెఱింగి ప్రజలకు చెప్పువాడే ప్రతినిధి.

విచారణ జరుపువారు రైల్వే బోర్డునకు లోబడి యుండరాదని 1941లోనే ఆ తనిఖీ శాఖను బోర్డునుండి వేఱుచేసిరి. నేటి భద్రతా కమిషనరులు పౌర విమానయాన శాఖ క్రింద నున్నారు. వారి నివేదికలను చదివి, చేసిన సిఫారసులేవి, అమలైనవేవి, తాను సభలో నడిగిన దేమి, మంత్రి యిచ్చిన సమాధానమేమి, తన మాట యెచట చెల్లకపోయెను – ఈ యైదు సంగతులను ప్రతి సభ్యుడును యేటేట తన ప్రజలకు లిఖితపూర్వకముగా తెలుపవలెనని మేము కోరుచున్నాము.

పాఠకులకును కర్తవ్యము గలదు. వానకాలమునకు ముందే గ్రామపెద్దలును, పట్టణపు పౌరులును కూడి తమ చెరువు పట్టికలో నున్నదా, పరీక్ష జరిగినదా యని ఇరువురు ప్రతినిధులకును జాబులు వ్రాయవలెను. బదులు రానిచో మరల వ్రాయవలెను. ఓట్లడుగ వచ్చిన దినమున ఆ జాబుల నకళ్లను వారి ముందుంచవలెను.