గాంధీగారు, అణుబాంబు, ఇంకొన్ని పుకార్లు

టర్న్ బేస్డ్ వ్యూహాల ఆటలో మనం ఎత్తు వేసేదాకా శత్రుసేన కదలదు. ఈ ఓపికే దానిమీద ఎన్నో పుకార్లకు చోటిచ్చింది.

అపోహ: పాత కంప్యూటర్లకు సత్తువ లేక ఈ పద్ధతి పుట్టింది.

వాస్తవం: 1991 నాటి 'సివిలైజేషన్' ఆటను దాని రూపకర్త సిడ్ మేయర్ మొదట 'సిమ్‌సిటీ'లా ఆగకుండా నడిచే ఆటగానే చేసి చూశారు. ఆడటంకన్నా చూస్తూ కూర్చోవడమే ఎక్కువైంది. అప్పుడు వంతుల్లోకి మార్చారు. గతిలేక కాదు, కోరి.

అపోహ: ఒక్క ఆటకే రోజులు పడతాయి.

వాస్తవం: 'సివిలైజేషన్'కు పడతాయి, కాదనలేం. 'ఇన్‌టు ద బ్రీచ్' (2018)లో మాత్రం యుద్ధభూమి 8×8 గళ్లే. చాలా పోరాటాలు నాలుగైదు వంతుల్లో తేలిపోతాయి.

అపోహ: దెబ్బ తగిలే అవకాశం 90 శాతమని చూపించి గురి తప్పిస్తుంది. ఆట మోసం చేస్తోంది!

వాస్తవం: మోసం ఉంది, కానీ ఎక్కువగా మనకు అనుకూలంగానే. 'ఫైర్ ఎంబ్లమ్' సిరీస్‌లో 2002 నుంచి వచ్చిన చాలా ఆటలు దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి ఒక యాదృచ్ఛిక అంకెకు బదులు రెండు తీసి సగటు చూస్తాయి. సగటు మధ్యకు మొగ్గుతుంది కాబట్టి తెరమీద 90 ఉంటే అసలు అవకాశం 98 దాటుతుంది. 10 అని ఉంటే 2 దగ్గరికి పడిపోతుంది. లెక్క ఇరుపక్షాలకూ ఒకటే అయినా, పెద్ద అంకెలు మామూలుగా ఆటగాడివే. అయినా తిట్లు ఆగవు. కంగారులో చేసిన తప్పును మరిచిపోతాం, తీరిగ్గా ఆలోచించి వేసిన ఎత్తు బెడిసికొడితే నిద్రపట్టదు. మర్నాడు మళ్లీ ఆడించేది కూడా ఆ ఉక్రోషమే.

అపోహ: మొదటి 'సివిలైజేషన్'లో గాంధీ దూకుడు 1. ప్రజాస్వామ్యంలోకి మారగానే 2 తగ్గి, సున్నా కిందికి పోలేక చుట్టుతిరిగి అత్యధికమైన 255కి ఎగిరింది. అందుకే అణుబాంబులు కురిపించారు.

వాస్తవం: సాఫ్ట్‌వేర్‌వాళ్లకు ఇట్టే నమ్మబుద్ధయ్యే కథ. అలాంటి బగ్ ఏదీ లేదని మేయర్ 2020లో తన జ్ఞాపకాల పుస్తకంలో తేల్చేశారు. ఆటలో భారత్‌కు సైన్స్ మీద మొగ్గు, కాబట్టి అణ్వస్త్రం త్వరగా చేతికొచ్చేది. అది చేతిలో ఉన్న ఏ నాయకుడైనా పలికే బెదిరింపు ఒకటే. గాంధీ నోట వినేసరికి అందరూ ఉలిక్కిపడ్డారు, అంతే. నిజంగా ఆయనకు బాంబు మోజు అంటగట్టింది 2010లో 'సివిలైజేషన్ 5' రూపకర్త జాన్ షేఫర్. సరదాకి పదికి పన్నెండు ఇచ్చారు. ఆ అంకె ప్రతి ఆటలో రెండు వరకు అటూఇటూ జరుగుతుంది. రెండు తగ్గినా పదికి పదే.