వార్తల్లో పదం: రివ్యూ బాంబింగ్

సిరీస్ చూసి, నచ్చక తక్కువ రేటింగ్ ఇవ్వడం ప్రేక్షకుడి హక్కు. చూడకుండానే గుంపుగా వచ్చి ఒక్క స్టార్ కొట్టిపోతే అది రివ్యూ బాంబింగ్. 2022 జూన్ 8న డిస్నీ ప్లస్‌లో మొదలైన ‘మిస్ మార్వెల్’కి ఇదే జరిగింది. న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ మూలాల ముస్లిం అమ్మాయి కమలా ఖాన్ కథ అది. తొలి ఎపిసోడ్‌కే ఐఎండీబీలో ఒంటి స్టార్లు కుప్పపడ్డాయి, విమర్శకులేమో మెచ్చుకున్నారు.

కామిక్ అభిమానుల అలక వేరు. 2014లో మొదలైన పుస్తకాల్లో ఒళ్లు సాగదీసే కమల, తెరమీద కడియం తొడిగి వెలుగులు చిమ్మింది. ఆ ఫిర్యాదులో న్యాయముంది.

హీరోల పేరిట రేటింగ్ యుద్ధాలు మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుర్రకారుకు కొత్తేం కాదు. స్టార్ నొక్కేముందు ఒక్క ఎపిసోడైనా చూడండి బాబూ!