‘ఆశ్రయం’ : అర్థాలు, వాడుక

పందిరి గుంజను పట్టుకొని తీగ పైకి పాకుతుంది. గుంజ లేకపోతే అది నేలపై పడి ఉంటుంది. ఇలా ఒకదానిని ఆనుకొని నిలవడాన్ని, ఒకరిని చేరి ఉండడాన్ని తెలిపే ధాతువు సంస్కృతంలో ‘శ్రి’. దానికి ‘ఆ’ అనే ఉపసర్గ చేరగా ‘ఆశ్రయం’ ఏర్పడింది. కనుక ఈ మాటకు మూలంలో ఉన్నది ఇల్లు కాదు, పైకప్పు కాదు, ఆనిక. ఆనుకొనేవాడు ఒకడు, ఆనుకోనిచ్చేవాడు మరొకడు. ఈ ఇద్దరూ ఉంటేనే ఆశ్రయం అనే మాట నిలుస్తుంది.

ఈ ఇద్దరిలో ఎవరు కర్త అనే దానిని బట్టి క్రియ మారుతుంది. ‘బాధితులు హైకోర్టును ఆశ్రయించారు’ అని పత్రికలలో తరచుగా చదువుతాము. ఇక్కడ కర్త అడిగేవాడు. న్యాయస్థానం ఇంకా ఏమీ ఇవ్వలేదు. తలుపు తట్టడం వరకే జరిగింది. ‘ఆశ్రయమిచ్చు’ అన్నప్పుడు కర్త ఇచ్చేవాడు. 1959లో టిబెట్టును విడిచి వచ్చిన దలైలామాకు భారతదేశం ఆశ్రయమిచ్చింది. ఆయన భారతదేశంలో ఆశ్రయం పొందారు. సంఘటన ఒక్కటే అయినా మొదటి వాక్యంలో దాత, రెండవ వాక్యంలో గ్రహీత ముందు నిలిచారు.

అల్లసాని పెద్దన శ్రీకృష్ణదేవరాయల ఆశ్రయంలో ఉన్నాడని సాహిత్య చరిత్రలో చదువుతాము. ఇక్కడ ఆశ్రయమంటే వసతి మాత్రమే కాదు. పోషణ, గౌరవం కూడా. దీనినే రాజాశ్రయం అన్నారు. ఆశ్రయించినవాడు ఆశ్రితుడు, ఆశ్రితులను ప్రేమించేవాడు ఆశ్రితవత్సలుడు. భగవంతుని విషయంలో ఇది స్తుతి. అదే అధికారంలో ఉన్నవాడు తనవారికే పదవులు పంచిపెడితే ‘ఆశ్రిత పక్షపాతం’ అని నిందిస్తాము. పదం ఒక్కటే, అది నిలిచిన చోటు వేరు.

ఆశ్రయం, ఆశ్రమం అనే మాటలను కలిపివేయరాదు. ఆశ్రమానికి మూలం ‘శ్రమ్’ అనే వేరొక ధాతువు. తపస్సు చేసి శ్రమించే చోటు కనుక అది ఆశ్రమం. వృద్ధాశ్రమం, అనాథాశ్రమం అనే నేటి మాటలలో శ్రమ మరుగునపడి ఆశ్రయమనే భావమే మిగిలింది. సందర్భం వచ్చింది కనుక చెప్పవలసిన మాట: నాథుడు లేనివాడు అనాథ. దీనిని ‘అనాధ’ అని రాయడం తప్పు. ఆ తప్పు గోడలమీదా, నామఫలకాలమీదా కూడా కనిపిస్తూ ఉంటుంది.

సంస్కృత పదం ఇంత గంభీరంగా ఉండగా, అచ్చతెలుగు మాటలు ఇంటి గడపలోనే పుట్టాయి. ఎండలు మండే నేల కనుక మనకు నీడే మొదటి ఆశ్రయం. ‘నిలువ నీడ లేదు’ అంటే ఇల్లు లేదని అర్థం. వాన కురిస్తే ‘తలదాచుకొంటాము’. ఆ మాటలో తాత్కాలికత ఉంది. ‘చేరదీయడం’లో ప్రేమ ఉంది, ‘అండ’లో ధైర్యం ఉంది. ‘పంచ’ మాత్రం జాగ్రత్తగా వాడవలసిన మాట. ఇంటి ముందుభాగమైన పంచలో ఎండ, వాన తప్పుతాయి గాని, అక్కడ ఉన్నవాడు ఇంటి లోపలివాడు కాడు. అందుచేత ‘ఒకరి పంచన బతకడం’ అనే మాటలో చిన్నతనం ధ్వనిస్తుంది. ముసలితల్లి ‘కొడుకు దగ్గర ఉంటున్నది’ అనడానికీ, ‘కొడుకు పంచన ఉంటున్నది’ అనడానికీ ఎంతో తేడా ఉంది. అన్నం, పడక రెండు చోట్లా ఒకటే కావచ్చు. రెండవ వాక్యంలో ఆమె ఆ ఇంటి మనిషి కాకుండా పోయింది.

వీటన్నిటిలో లోతైన మాట ‘దిక్కు’. తెలుగులో దిక్కు అంటే తూర్పు, పడమర వంటి దిశ. రక్షించేవాడు కూడా దిక్కే. ‘నీవే దిక్కు’ అని దేవునికి మొక్కుతాము. ఎవరూ లేనివాడిని ‘దిక్కులేనివాడు’ అంటాము. ఈ రెండు అర్థాల మధ్య సంబంధమేమిటో ‘కాందిశీకుడు’ అనే మాట చూపుతుంది. ‘కాం దిశమ్’ అంటే ‘ఏ దిక్కుకు?’ అని అర్థం. ‘ఏ దిక్కుకు పోదును?’ అని భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు అక్కడ స్థిరపడిన తెలుగువారిలో ఎందరో ఇల్లూ వాకిలీ విడిచి బయలుదేరారు. ఓడలు దొరకనివారు కొండలు, అడవుల గుండా కాలినడకన వచ్చారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుండి ఓడలెక్కి వెళ్లినవారు కనుక బర్మాలో వీరిని కోరంగీలని పిలిచేవారు. తిరిగివచ్చాక వీరికి ఇక్కడ దక్కిన పేరు ‘బర్మా కాందిశీకులు’. విశాఖపట్టణం కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరులో ఆ వలస చరిత్ర నేటికీ నిలిచి ఉంది.

ఇల్లు విడిచినవారందరినీ ఒకే మాటతో పిలవడం సరికాదు. అగ్నిప్రమాదంలో గుడిసె కాలిపోయినవాడు నిరాశ్రయుడు. ప్రాణభయంతో పరాయి దేశాన్ని చేరి రక్షణ కోరినవాడు శరణార్థి. శ్రీశైలం, పోలవరం వంటి ప్రాజెక్టుల క్రింద ఊరు పోగొట్టుకొన్నవాడు నిర్వాసితుడు. ఈ భేదం నిఘంటువుకు మాత్రమే పరిమితమైనది కాదు. నిర్వాసితుడు అనగానే అతనిని ఎవరో కదిలించారని తెలుస్తుంది, కనుక అతనికి పరిహారం రావాలనే ప్రశ్న పుడుతుంది. ప్రజావసరాలకు భూమిని సేకరించినప్పుడు పరిహారంతో పాటు పునరావాసం కూడా కల్పించాలని 2013 నాటి భూసేకరణ చట్టం చెప్పింది. అతనినే ‘వలస వెళ్లినవాడు’ అని రాస్తే, తన ఇష్టంతోనే వెళ్లాడని చదివేవారు అనుకొంటారు. శరణార్థి స్థితి వేరు. శరణార్థులకు సంబంధించిన 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు; వారికోసం ప్రత్యేక చట్టమూ లేదు. అయినా 1971లో తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన సుమారు కోటిమందికి ఈ దేశం ఆశ్రయమిచ్చింది.

‘పునరావాసం’ అంటే మళ్లీ స్థిరంగా నివాసం ఏర్పరచడం. తుఫాను రాత్రి తీరగ్రామాల ప్రజలను బడి భవనానికి చేర్చి, ‘పునరావాస కేంద్రానికి తరలించారు’ అని రాయడం పత్రికలకు అలవాటైంది. మరునాడు ఇంటికి వెళ్లేవారికి అది పునరావాసం కాదు. ఆ రాత్రి వారు బడిలో తలదాచుకొన్నారు, అంతే. ఇంత పెద్ద మాటను ఒక రాత్రికి ఖర్చు చేస్తే, ఊరే పోయినవారికి ఏ మాట మిగులుతుంది?

శరణు కోరినవాడిని కాపాడడం మన కథలలో గొప్ప ధర్మం. అయితే ఎవరికి, ఎవరినుండి అనే చిక్కు కూడా ఆ కథలలోనే ఉంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకంగా రచించిన గయోపాఖ్యానంలో శ్రీకృష్ణుని ఆగ్రహానికి గురైన గయుడు అర్జునుని శరణు వేడుతాడు. శత్రువెవరో తెలియకముందే అర్జునుడు అభయమిస్తాడు. తెలిసిన తరువాత మాట తప్పలేక ప్రాణస్నేహితునితోనే యుద్ధానికి దిగుతాడు. నేటి చట్టం ముందుగా ఆ తెలియడం గురించే అడుగుతుంది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం, నేరస్థుడని తెలిసి, అతనిని శిక్షనుండి తప్పించే ఉద్దేశంతో ఆశ్రయమివ్వడం నేరం. చోటు ఇవ్వడమే కాక అన్నం, డబ్బు, బట్టలు, వాహనం సమకూర్చడం కూడా ఆశ్రయమివ్వడం కిందికే వస్తుంది. అయితే భర్తకు భార్యగాని, భార్యకు భర్తగాని ఆశ్రయమిస్తే ఈ నిబంధన వర్తించదు.