చెడింది కార్డు కాదు.. లేనిది డ్రైవరు!
లినక్స్ ల్యాప్‌టాప్‌లలో వైఫై చిక్కుకు ఇంటి వద్దే పరిష్కారం

కౌతాళం: విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. విండోస్ 11ను భరించే శక్తి లేని పాత ల్యాప్‌టాప్‌లకు ఉచితంగా లభించే లినక్స్ ఒక ఆధారమైంది. బెంగళూరులో కొలువు చేసే అన్న వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ పల్లెలో తమ్ముడి చదువుకు అక్కరకొస్తుంది. అయితే లినక్స్ ఎక్కించిన తొలిరోజే కొందరికి వైఫై మొండికేస్తుంది. తెరపై అన్నీ చక్కగానే ఉంటాయి. చుట్టుపక్కల వైఫై పేర్లు మాత్రం ఒక్కటీ కనిపించవు. దరఖాస్తు గడువు ముంచుకొస్తుంటే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆదోనికో, ఎమ్మిగనూరుకో బస్సెక్కడం, కార్డు పోయిందనుకుని కొత్తది వేయించుకోవడం తప్పడం లేదు. చాలా సందర్భాల్లో ఆ ఖర్చు అనవసరం.

చిక్కు ఎక్కడ?

వైఫై చిప్ పనిచేయాలంటే దానిని నడిపించే డ్రైవరు, చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ రెండూ ఉండాలి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో శ్రీకారం చుట్టిన లినక్స్ కెర్నల్‌లో వేల పరికరాలకు డ్రైవర్లు ముందే ఉన్నాయి. ఫర్మ్‌వేర్‌ను మాత్రం పలు కంపెనీలు బహిరంగపరచవు. అందువల్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాన్ని గట్టిగా పాటించే డెబియన్ వంటివి దానిని తమ అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చేవి కావు. 2022లో సభ్యుల ఓటింగ్ అనంతరం, 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 నుంచి ఆ పట్టు సడలింది. ఇంటెల్ చిప్‌లతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. పాత బ్రాడ్‌కామ్ చిప్‌లున్న యంత్రాలే ఎక్కువగా సతాయిస్తాయి.

ముందుగా విమానం గుర్తుండే ఏరోప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడాలి. నవ్వులాటగా తోచినా, పొరపాటున కీబోర్డుపై మీట తగిలి వైఫై ఆగిపోవడం అరుదేమీ కాదు. టెర్మినల్ తెరిచి ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ అని ఆంగ్లంలో చిన్న అక్షరాలతో టైపు చేస్తే సంగతి తేలుతుంది. ‘సాఫ్ట్ బ్లాక్‌డ్’ ఎదుట ‘ఎస్’ అని ఉంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ ఆదేశం సరిపోతుంది. ‘హార్డ్ బ్లాక్‌డ్’ అని ఉంటే మీటను చేత్తోనే నొక్కాలి.

అప్పటికీ రాకుంటే ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అని, ఖాళీ విడిచి, అడ్డగీత, దాని వెంటనే ‘కె’ కొట్టాలి. వచ్చే జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ పేరు ఉండి, దాని కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస లేదంటే కార్డు క్షేమమే, డ్రైవరే జతపడలేదని అర్థం. కార్డు పేరే లేకపోతే మాత్రం అది వదులైందేమో మెకానిక్‌కు చూపించవచ్చు.

ఫోనే దిక్కు

డ్రైవరు దింపుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవరు కావాలి. కొత్తవారు చేతులెత్తేసేది ఇక్కడే. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఈ ముడి వీడుతుంది. డేటా మోసే కేబుల్ అయితే చాలు, లినక్స్‌లో ప్రత్యేకంగా ఏమీ వేయనక్కర్లేదు. అనంతరం ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’, లినక్స్ మింట్‌లో ‘డ్రైవర్ మేనేజర్’ తెరిచి, అది సూచించిన వైఫై డ్రైవరును ఎంచుకుని ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయాలి.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న యంత్రాల్లో డ్రైవరు వేసేటప్పుడు ఒక పాస్‌వర్డు పెట్టమని అడుగుతుంది. రీస్టార్ట్ అవుతుండగా నీలిరంగు తెర వస్తుంది. కంగారుపడి దానిని దాటేస్తే డ్రైవరు ఎక్కదు, పడిన శ్రమంతా వృథా. ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని, కొద్దిసేపటి క్రితం పెట్టిన పాస్‌వర్డునే ఇవ్వాలి.

వైఫై కలిసినా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే తేదీ చూసుకోవాలి. పాత ల్యాప్‌టాప్‌లలో మదర్‌బోర్డుపై ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయి గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సైట్ల భద్రతా పత్రాల గడువు అప్పుడు సరిపోలదు. ఇక ఇంట్లో మిగిలిన వైఫై పేర్లు కనిపిస్తూ తమ రూటర్ పేరు ఒక్కటే రాకుంటే అది 5 గిగాహెర్ట్జ్‌పై మాత్రమే నడుస్తోందేమో గమనించాలి. కొన్ని పాత కార్డులు 2.4 గిగాహెర్ట్జ్‌నే అందుకుంటాయి. మందపాటి రాతి గోడల మిద్దెల్లో 5 గిగాహెర్ట్జ్ సంకేతం పక్క గదికి చేరేసరికే నీరసిస్తుంది కనుక, అక్కడ కొత్త ల్యాప్‌టాప్‌కైనా 2.4 గిగాహెర్ట్జే మేలు.